గడ్డిపిట్ట అరుస్తుందా, అరవదా

మా ఇంట్లో రెండు వానాకాలాల పాటు ఒకే తగువు నడిచింది. పడమటి వైపు ఖాళీ ప్లాట్ల మీద ఎగిరే బొటనవేలంత పిట్ట అరుస్తుందని నేను, అరవదని మా ఆయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పెద్ద పెద్ద విషయాల మీద కూడా మేం ఇంత పట్టుదలగా పోట్లాడుకోలేదు. ఇల్లు ఎక్కడ కట్టుకోవాలన్నది ఒక్క సాయంత్రంలో తేల్చుకున్నాం. ఈ పిట్ట దగ్గర మాత్రం ఇద్దరం మొండికేశాం.

మేముండేది పటాన్‌చెరు నుంచి సుల్తాన్‌పూర్ పోయే రోడ్డు పక్కన ఒక లేఔటులో. మేం వచ్చిన కొత్తలో ఇక్కడ ఇళ్ళకన్నా హద్దురాళ్ళే ఎక్కువ. ఇప్పుడు ఇళ్ళు చాలానే లేచాయి గానీ, మా గోడ పక్కన మూడు ప్లాట్లు కలిసి అలాగే మిగిలిపోయాయి. వాటి యజమానులు ఎక్కడెక్కడో ఉంటారు. తొలకరి పడగానే అక్కడ గడ్డి లేస్తుంది. శ్రావణానికి నడుము దాకా వస్తుంది. అవతల ఫ్యాక్టరీల నీలిరంగు రేకులు, ఇవతల రింగురోడ్డు మీద లారీల రొద. మధ్యలో ఆ గడ్డి. వాన వెలిసిన పొద్దున దాంట్లోంచి గోధుమరంగు మీద నల్ల చారలున్న పిట్ట ఒకటి పైకి లేస్తుంది. ఎవరో దారం కట్టి ఆడిస్తున్నట్టు గాల్లో ఎత్తుకూ పల్లానికీ ఊగుతూ గుండ్రంగా తిరుగుతుంది. ఊగిన ప్రతిసారీ 'జిట్' అంటుంది. మళ్ళీ ఊగుతుంది, మళ్ళీ 'జిట్'. మందపాటి గుడ్డని చిన్న కత్తెరతో ఆగి ఆగి కత్తిరిస్తే ఎలా ఉంటుందో అలా. వంటింటి కిటికీ తెరిస్తే చాలు, కాఫీ పొంగేలోగా ఇరవైసార్లు వినిపిస్తుంది.

నాకు వినిపిస్తుంది. ఆయనకు వినిపించదు. అసలు తగువంతా అదే. కానీ ఆ సంగతి తేలడానికి రెండేళ్ళు పట్టింది.

ఆయన తెనాలి వైపు నుంచి ఇరవై రెండేళ్ళ వయసులో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చారు. ప్రభుత్వ ఫ్యాక్టరీలో హామర్ షాపు. ఎర్రగా కాలిన ఇనపదిమ్మని పట్టకారుతో పట్టుకుంటే, పైనుంచి గది అంత సుత్తి దాని మీద పడి ఆకారం తెచ్చే చోటు అది. ఒకసారి కుటుంబాలను చూడనిస్తే వెళ్ళాను. సుత్తి దెబ్బ చెవులకన్నా ముందు కాళ్ళకు తెలిసింది. చాలా ఏళ్ళు ఆ సుత్తి దగ్గరే పనిచేసి, చివర్లో తయారైన సామానును తనిఖీ చేసే పనికి మారారు. పగులుందా, కొలత తప్పిందా, పాసా, ఫెయిలా. ఫ్యాక్టరీ ఆయన్ని రిటైర్ చేసింది గానీ ఆయన తనిఖీని రిటైర్ చెయ్యలేదు. దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. మా ఇంట్లో దోసెలు కూడా పాసవ్వాలి.

డాక్టరు రోజూ నడవమన్నప్పుడు ఊరికే నడవడం ఆయనకు నచ్చలేదు. తోవలో తనిఖీ చెయ్యడానికి ఏదైనా ఉండాలి. మొదట కరెంటు స్తంభాలు లెక్కపెట్టారు. తర్వాత ఎదురింటాయన తోడు దొరికారు. ఆయనది సంగారెడ్డి బజారులో మూడు తరాల వ్యాపారం, విత్తనాలు, పురుగు మందులు. ఇప్పుడు దుకాణం కొడుకులు చూసుకుంటున్నారు. ఇద్దరూ కలిసి పొద్దున్నే చెరువు దాకా పోయి కొంగల్నీ పాలపిట్టల్నీ నెమళ్ళనీ చూసి రావడం మొదలుపెట్టారు. దూరదర్శిని కొన్నారు. పిట్టల బొమ్మలున్న ఇంగ్లీషు పుస్తకం కొన్నారు. ఒక నోటుబుక్కు పెట్టి తారీఖు, చోటు, ఏ పిట్ట అని గళ్ళు గీశారు. చివరి గడి పేరు నేను చూసి నవ్వుకున్నాను. 'రిమార్కులు'.

పెద్ద పిట్టలతో ఆయనకు పేచీ లేదు. చిన్నవంటేనే విసుగు. పురుగులు తినే ఈ బుల్లి పిట్టలన్నీ ఒకే గోధుమరంగు, ఒకే కొలత, ఒక్కచోట నిలబడవు. డబ్బాలో కలిసిపోయిన మరల్లా ఉన్నాయనేవారు. మా ఖాళీ ప్లాట్ల పిట్టకి పుస్తకంలో పేరు వెతికి పట్టుకున్నది నేనే. సిస్టికోలా అని ఉంది. పెళ్ళిళ్ళలో ఇచ్చే కూల్‌డ్రింకు పేరులా ఉందని ఆయన కొట్టిపారేశారు. ప్లాట్లలో గడ్డి కోసుకుపోయే ఆమెను అడిగితే దాన్ని గడ్డిపిట్ట అంటామంది. ఇక మా ఇంట్లో అదే ఖాయమైంది.

మొదటి వానాకాలంలో ఒకరోజు ఆయన దూరదర్శినిలో దాన్ని చాలాసేపు చూసి, లోపలికొచ్చి నోటుబుక్కులో రిమార్కు రాశారు. 'ఎగురుతూ నోరు తెరుస్తుంది. శబ్దం లేదు.'

నేను అది చదివి, అరుస్తుంది కదండీ అన్నాను.

"అరవడం లేదు. ఆవులిస్తోంది" అన్నారు.

ఎగురుతూ ఆవులించే పిట్ట ఎక్కడైనా ఉంటుందా అని అడిగితే, పొద్దున్నే లేస్తే నువ్వు కాఫీ కలుపుతూ ఆవులించడం లేదా అన్నారు. అలా మొదలైంది.

ఇక్కడ నా తప్పూ కొంత చెప్పుకోవాలి. ఆయన చెవుల సంగతి నాకు బొత్తిగా తెలియదంటే అబద్ధం. సగ్గుబియ్యం తెమ్మంటే ముగ్గుపిండి తెచ్చిన మనిషి. టీవీ పెడితే వీధి చివర వాళ్ళకు వార్తలు వేరే పెట్టుకోవాల్సిన పని లేదు. మగవాళ్ళ మాటలు బాగానే వినేవారు. ఆడవాళ్ళూ పిల్లలూ మాట్లాడితే మాత్రం రెండోసారి అడిగేవారు. దానికి ఆయన దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. ఆడవాళ్ళు గొణుగుతారు. ఇరవై ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్ని, వెనక బెంచీలో కూచున్న పిల్లవాడు కూడా నా గొంతు చాల్లేదని ఎప్పుడూ అనలేదు. అయినా ఇంట్లో నేను గొణుగుతానని తీర్పయిపోయింది.

నేను దాన్ని సవాలు చెయ్యలేదు. ఎందుకంటే అందులో నాకు లాభం ఉంది. ఆయన దోసెను ఫెయిల్ చేసినప్పుడు, పక్కకు తిరిగి, నోరు సరిగ్గా కదపకుండా, మనసులో ఉన్నదంతా హాయిగా అనేసుకోవచ్చు. ఏళ్ళ తరబడి అలా అనుకున్న మాటలన్నీ రాస్తే పుస్తకమవుతుంది. ఏ సంసారంలోనైనా ఇంత సౌకర్యం ఎవరికి దొరుకుతుంది. అందుకే డాక్టరుకు చూపించుకోండి అని నేను గట్టిగా అనలేదు. అన్నప్పుడు కూడా మెల్లిగానే అన్నాను.

రెండో వానాకాలం వచ్చేసరికి ఆయన కాలనీ సంఘానికి కార్యదర్శి అయ్యారు. ఆ ఏడు వానలు ఎక్కువ. గడ్డి గోడెత్తు లేచింది. దోమలు పెరిగాయి. ఒక మధ్యాహ్నం మూడో వీధిలో ఎవరి స్కూటరు కిందో జెర్రిపోతు దూరింది. అది ఎవరినీ ఏమీ చెయ్యకుండా మురుగు కాలువలోకి జారిపోయింది గానీ, మర్నాటికల్లా కాలనీ అంతా దాని పొడవు పెరిగింది. ఖాళీ ప్లాట్లన్నీ శుభ్రం చేయించాలని మీటింగు పెట్టారు, ఎదురింటి వరండాలో. ముందు గడ్డిమందు కొట్టించాలి, గడ్డి మాడాక జేసీబీ పెట్టి చదును చేయించాలి. మందు తన దుకాణం నుంచే పంపిస్తానని ఎదురింటాయన ఉత్సాహంగా ఒప్పుకున్నారు. ఆయనకు గడ్డిమందు మాట వినిపిస్తే చాలు, మొహం వెలుగుతుంది.

నేను చివరి కుర్చీలో కూచున్నదాన్ని లేచి, ఆ గడ్డిలో పిట్టలు గూళ్ళు పెట్టాయి, ఒక్క నెలన్నర ఆగితే పిల్లలు ఎగిరిపోతాయి అన్నాను. ఎవరో ఏ పిట్టలన్నారు. రోజంతా అరుస్తూ తిరుగుతుందే, అదీ అన్నాను.

అప్పుడు కార్యదర్శి గారు గొంతు సవరించుకున్నారు. "రెండేళ్ళుగా ఆ ప్లాట్ల పక్కన రోజూ నడుస్తున్నాను. ఒక్కరోజు కూడా ఒక్క అరుపు వినలేదు. మా ఆవిడకు పిట్టలంటే కొంచెం ఊహ ఎక్కువ" అన్నారు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికొచ్చాక ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. తగువు మా ఇద్దరి మధ్య ఉన్నన్నాళ్ళూ అది సరదా. నలుగురిలో నన్ను ఊహలు పోయేదాన్ని చేశాక సరదాగా లేదు. ఆ రోజు కూరలో ఉప్పు వెయ్యలేదు. కావాలనే వెయ్యలేదు. ఆయన తనిఖీ చేసి, రిమార్కు రాయకుండా, మజ్జిగన్నం తిని లేచారు. ఆయనకూ తెలుసు.

మర్నాడు పొద్దున ఆయనే తలుపు దగ్గర నిలబడి, పద చూద్దాం అన్నారు. ఎదురింటాయన్ని సాక్షిగా పిలిచారు. ముగ్గురం ప్లాట్ల అంచుకు వెళ్ళేసరికి గడ్డి కోసే ఆమె అప్పటికే కొడవలితో వంగి ఉంది. పక్క ఊరామె. రెండు బర్రెలు ఉన్నాయి. మా లేఔటులో ఖాళీ ప్లాట్లు ఎన్నున్నాయో, ఏది ఎవరిదో సంఘం కన్నా ఆమెకే బాగా తెలుసు. నేను గడ్డిమందు సంగతి ఆమెకు చెప్పాను.

"మందు కొడ్తే నా బర్లకేం బెట్టాలె అమ్మా" అని ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. పిట్టల సంగతి ఆమె రెండో మాటగా చెప్పింది. గూడున్న దుబ్బు కనబడితే తను కొయ్యదట. చుట్టూ కోసి దాన్ని వదిలేస్తుందట. చూపించమంటే చూపించింది. నాలుగు గడ్డి పోచల్ని సాలెగూటి దారాలతో కలిపి కట్టిన చిన్న సంచీ, లోపల మెత్తగా ఏదో తెల్లటి దూది. ఎదురింటాయన వంగి చూసి, వేలు పెట్టబోయి, ఆమె చూపు చూసి వెనక్కి తీసుకున్నారు.

అంతలో పిట్ట లేచింది. నెత్తి మీదే తిరగడం మొదలుపెట్టింది. జిట్, జిట్, జిట్.

ఎదురింటాయన తల ఎత్తి, "గిది మొత్తుకుంటనే ఉంది గద సార్" అన్నారు.

మా ఆయన నవ్వారు. నేను ముందే ఎదురింటాయన్ని నా వైపు తిప్పుకున్నానని ఆయన అనుమానం. ఆ నవ్వుతోనే గడ్డి కోసే ఆమె వైపు తిరిగి, నువ్వు చెప్పమ్మా, అరుస్తోందా అని అడిగారు. ఆమెకు ఈ తగువు సంగతేమీ తెలియదు. ఆమె పైకి చూసింది, ఆయన్ని చూసింది.

"నీకు ఇనస్తలేదా సారూ" అంది. వేళాకోళం లేదు. జ్వరమొచ్చిందా అని అడిగినట్టు అడిగింది.

ఆయన మొహంలో నవ్వు ఉన్నచోటే ఆగిపోయింది. పిట్ట మాత్రం మాట్లాడుతూనే ఉంది.

తర్వాత ఆయన చేసిన పని నేను ఎప్పటికీ మర్చిపోలేను. ఇంకొకరైతే మాట మార్చేవారు, లేదా లారీల రొదలో ఏం వినిపిస్తుంది అనేవారు. ఆయన తనిఖీ మనిషి. మా ముగ్గురినీ పిట్టకు వీపు పెట్టి, ఒకరికొకరం కనబడకుండా దూరదూరంగా నిలబడమన్నారు. అరుపు వినబడినప్పుడల్లా వేలెత్తమన్నారు. తను దూరదర్శిని పట్టుకుని, పిట్ట ఊగినప్పుడల్లా దాని నోరూ మా చేతులూ చూస్తానన్నారు.

నిలబడ్డాం. కాలనీ కార్యదర్శి భార్య, సంగారెడ్డి వ్యాపారి, చేతిలో కొడవలితో బర్రెల ఆమె, ముగ్గురం గోడ వైపు మొహాలు పెట్టి వేళ్ళెత్తడం, దించడం. పాలప్యాకెట్లకు పోతున్న ఒకాయన బండి ఆపి చూసి, ఏదో యోగా అనుకున్నాడేమో, కదిలిపోయాడు. ఎంతసేపు ఎత్తామో తెలియదు. నా చెయ్యి నొప్పి పుట్టింది. వెనక నుంచి ఆయన, చాలు అన్నారు. తిరిగి చూస్తే దూరదర్శిని మెడలో వేలాడుతోంది. ఆయన గడ్డి వైపు చూస్తున్నారు.

"మూడు వేళ్ళూ ఒక్కసారే లేచాయి. ప్రతిసారీ" అన్నారు.

గెలిచాను గానీ నాకు ఏమీ సంతోషంగా లేదు. ఆయన మెడలో దూరదర్శిని తాడు సరిచేసి ఊరుకున్నాను. ఎదురింటాయన నయం. భుజం మీద చెయ్యి వేసి, తనకు దగ్గరి అక్షరాలు కనబడవని, మందు డబ్బా మీద రాసింది చదవడానికి కోడల్ని పిలుస్తానని, అదీ ఇదీ ఒకటేనని చెప్పి ఇంటిదాకా తీసుకొచ్చారు.

ఆ రోజు ఉప్మా మారు మాట లేకుండా పాసయింది. మధ్యాహ్నానికి కాలనీ గ్రూపులో కార్యదర్శి పేరుతో ఒక సందేశం వచ్చింది. ఖాళీ ప్లాట్ల శుభ్రత సాంకేతిక కారణాల వల్ల వాయిదా వేయడమైనది.

రెండు రోజులు ఆయన నోటుబుక్కు ముట్టుకోలేదు. మూడో రోజు పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పటాన్‌చెరులో చెవులు చూసే చోటు ఎక్కడుందో తెలుసా అని అడిగారు. గొణక్కుండా, తెలుసు అని చెప్పాను.

అక్కడ పరీక్ష చేసే అమ్మాయి ఆయన్ని అద్దాల గదిలో కూచోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినబడితే బటన్ నొక్కమంది. అద్దం ఇవతల నుంచి నేను చూశాను. మొదట చకచకా నొక్కారు. తర్వాత నెమ్మదించారు. తర్వాత చాలాసేపు బటన్ మీద వేలు పెట్టుకుని, పాఠం రాని పిల్లాడిలా ఎదురుచూస్తూ కూచున్నారు. ఇవతల ఆ అమ్మాయి చెయ్యి మీటల్ని తిప్పుతూనే ఉంది. అంటే శబ్దాలు వెళ్తూనే ఉన్నాయి.

బయటికొచ్చాక ఆమె కాగితం మీద గీత చూపించింది. సగం దాకా బల్లపరుపుగా వచ్చి, అక్కణ్ణుంచి కొండ అంచు విరిగినట్టు కిందికి పడిపోయింది. "సార్, మీరు సుత్తుల దగ్గర పనిచేసిన్రా, ప్రెస్సుల దగ్గరనా" అని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయారు. ఎట్లా తెలిసిందంటే, ఈ వైపు వాళ్ళవి ఇలాంటి గీతలు చాలా చూస్తానని, మోత ముందుగా సన్నటి శబ్దాల్నే తీసుకుపోతుందని చెప్పింది. మాటల్లో స, చ, త లాంటివి, పిల్లల గొంతులు, చిన్న పిట్టలు. పోయినవి తిరిగి రావు గానీ మిషన్ పెడితే కొంత అందుతాయంది.

సగ్గుబియ్యానికి నాకు అప్పుడు జవాబు దొరికింది.

మెట్లు దిగుతూ ఆయన షాపు గురించి చెప్పారు. ఇంట్లో ఎప్పుడూ చెప్పనివి. మొదట్లో చెవుల్లో దూది పెట్టుకునేవాళ్ళట, అదీ ఇష్టమున్నవాళ్ళు. సుత్తి దగ్గర ఎవరూ నోటితో మాట్లాడరట. అన్నీ చేతి సైగలే. టీ తాగుదామా అనడానికొక సైగ, సూపర్‌వైజరు వస్తున్నాడనడానికొకటి. రెండోది నాకు చేసి చూపించారు. ఇక్కడ రాయదగినది కాదు. షిఫ్టు దిగాక బయట గంటసేపు లోకమంతా దుప్పటి కింద ఉన్నట్టుండేదట. తర్వాత తేలిపోయేది. ఎప్పుడు తేలిపోవడం మానేసిందో గమనించలేదన్నారు.

ఆటో కోసం నిలబడినప్పుడు నా వైపు తిరిగారు.

"అసలది ఎట్లా అరుస్తుంది. ఒకసారి చెప్పు" అన్నారు.

పటాన్‌చెరు రోడ్డు. బస్సులు, షేరాటోలు, షిఫ్టు మారి వస్తున్న జనం. అరవై దాటినదాన్ని. జిట్ అన్నాను. వినబడలేదన్నారు. దగ్గరికొచ్చి నా నోటి వైపు చూశారు. నేను గట్టిగా, ఆగి ఆగి, జిట్, జిట్ అన్నాను. సమోసాల బండి దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తినడం ఆపి చూశారు. ఆయన మాత్రం చాలా శ్రద్ధగా, పెదాలు ఎలా కదులుతున్నాయో చూసి, తనూ అన్నారు. అచ్చం పిట్టలా లేదు గానీ నేను పాస్ చేశాను.

చెవి మిషన్లు వచ్చాక మా ఇంట్లో కొన్నాళ్ళు ఎవరికీ శాంతి లేదు. పేపరు మడిస్తే ఎందుకంత మోత అంటారు. గిన్నెలు కడుగుతుంటే వంటింట్లో ఏదో కూలిపోయిందేమోనని పరుగెత్తుకొస్తారు. నా గాజులు, నా చెప్పులు, ఫ్యానుకో కిరకిర, తలుపుకో మూలుగు. ఇన్నాళ్ళూ ఇంత రొదలో నువ్వెలా ఉన్నావని నన్నే జాలిగా అడిగారు. టీవీ తగ్గించారు. వీధి చివర వాళ్ళు మేం ఊళ్ళో లేమేమోననుకున్నారట.

నాలుగో రోజు దోసె మాడిందన్నారు. నేను అలవాటు ప్రకారం పొయ్యి వైపు తిరిగి ఒక మాట అనుకున్నాను.

వెనక నుంచి ఆయన నెమ్మదిగా, "ఇది ఎన్నాళ్ళ నుంచి అంటున్నావు" అన్నారు.

పెళ్ళయిన మూడో ఏటి నుంచి అని ఒప్పుకున్నాను. ఆయన వేళ్ళ మీద ఏళ్ళు లెక్కపెట్టారు. కోపం రాలేదు. మిగతావి కూడా చెప్పమన్నారు. చెప్పలేదు. ఆ సౌకర్యం అలా పోయింది. ఇప్పుడు నేను అనదలచుకున్నవి మేడ మీదికి వెళ్ళి అనుకుంటున్నాను.

పిట్ట మాత్రం వెంటనే దొరకలేదు. వారమంతా ముసురు. ముసురులో అది ఎగరదు. తెరిపిచ్చిన పొద్దున ఇద్దరం గోడ దగ్గర నిలబడ్డాం. అది లేచింది, ఊగింది. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఏమీ లేదు. ఇంకో చుట్టు తిరిగి మా నెత్తి మీదికి వచ్చింది. ఆయన కనుబొమలు దగ్గరపడ్డాయి. తల కొంచెం పక్కకు వంచారు.

"ఇదా" అన్నారు. "ఇంతేనా. ఎక్కడో వీధి అవతల ఎవరో చిన్న మేకు కొడుతున్నట్టుంది. దీనికోసమా రెండేళ్ళు కొట్టుకున్నాం."

దీనికే అన్నాను. నిరాశపడ్డారేమోనని లోపలికి వచ్చి అట్లు పోశాను. చల్లారిపోయాయి. మళ్ళీ వెళ్ళి చూస్తే అక్కడే ఉన్నారు, గోడ మీద రెండు చేతులూ ఆనించి. నన్ను చూసి, అది మాట్లాడుతుంటే మధ్యలో రావద్దని చేత్తో ఆపారు.

ప్లాట్ల వ్యవహారం రెండో మీటింగులో తేలింది. ఎదురింటాయన ఈసారి ముందుగా లేచారు. "గీ బుడ్డ పిట్టలే గిన్ని పురుగుల్ని తింటే మా దుకాణం ఎట్ల నడవాలె" అని మొదలుపెట్టి అందరినీ నవ్వించి, తర్వాత తమ అంగట్లో మందే వద్దని తనే అన్నారు. ఇళ్ళ గోడల వెంట నాలుగడుగుల మేర గడ్డిని కోయించడం, నీళ్ళు నిలిచిన గుంటలు మట్టితో పూడ్చడం, నడుమ గడ్డిని దసరా దాకా ముట్టుకోకపోవడం అని తీర్మానం రాశారు. కోసే పని ఆమెకే అప్పగించారు. ఇన్నాళ్ళూ ఎవరు ఏమంటారోనని తొందర తొందరగా కోసుకుని పోయేది. ఇప్పుడు కొడవలి పట్టుకుని కాలనీ గేటులోంచి నిదానంగా, సంఘం మనిషిలా నడిచొస్తుంది. దోమలు తగ్గాయి. జెర్రిపోతు మళ్ళీ కనబడలేదు గానీ, దాని పొడవు మాత్రం ఇంకా పెరుగుతోంది.

మా ఆయన పిట్ట గురించి పుస్తకమంతా చదివారు. మగది పైపైన నాలుగైదు గూళ్ళు అల్లి పెడుతుందట. ఆడది వచ్చి చూసి, నచ్చినదాన్ని ఎంచుకుని, లోపల మెత్తగా తనే సర్దుకుంటుందట. ఇది చదివి వినిపించి నా వైపు గర్వంగా చూశారు. మన ఇల్లూ అంతే కదా, మీరు గోడలు లేపి చేతులు దులుపుకున్నారు, మిగతాదంతా నేనే అన్నాను. మరి నీకు ఒక్కటే చూపించాను కదా, నాలుగు చూపించలేదని కోపమా అన్నారు. అది నిజమే. ఒక్కటే చూపించారు.

ఆ శీతాకాలంలో ఒక ప్లాటు యజమాని వచ్చి ఇల్లు మొదలుపెట్టారు. ఎవరి స్థలంలో వాళ్ళు ఇల్లు కట్టుకుంటే మనమేమంటాం. పునాదులు తవ్విన రోజు మా ఆయన గోడ దగ్గరికి వెళ్ళలేదు. బీహార్ నుంచి వచ్చిన మేస్త్రీలు రేడియో పెట్టుకుని పనిచేసేవారు. రేడియో మోత ఎక్కువైందని ఆయన ఫిర్యాదు చెయ్యడం విని నాకు ముచ్చటేసింది. గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాం. మంచి మనుషులు. మిగిలిన రెండు ప్లాట్ల మీద ఈ ఏడు మళ్ళీ గడ్డి లేచింది. పిట్ట కూడా వచ్చింది, పోయినేడు వచ్చినదేనో, దాని పిల్లో, మాకు తెలియదు. తిరిగే చుట్టు కాస్త చిన్నదయింది. కొత్త ఇంటి నీళ్ళట్యాంకును తప్పించుకుని ఊగుతోంది.

పదిరోజుల కిందట మా పెరట్లో వంకాయ మొక్క దగ్గర నీళ్ళు పోస్తుంటే రెండాకులు అంచులు కలిపి కుట్టినట్టు కనబడ్డాయి. లోపల చూస్తే పీచు, దూది, ఇటికరంగులో మెరిసే మూడు గుడ్లు. బూడిదరంగు వీపు, పొడుగు తోకను ఊరికే ఊపుతూ తిరిగే ఇంకో రకం బుల్లి పిట్టది. అరిచినప్పుడు సన్నగానే ఉంటుంది గానీ ఇది ఆయనకు బాగా అందుతోంది. అందింది కాబట్టి అధికారం కూడా వచ్చింది. వంకాయ మడి చుట్టూ తాడు కట్టారు. నేను లోపలికి వెళ్ళకూడదు, కాయలు కొయ్యకూడదు. లేత కాయలన్నీ నా కళ్ళ ముందే ముదిరి పసుపెక్కుతున్నాయి. నిన్న సంచీ తీసుకుని బజారుకు బయల్దేరుతూ, ఏం తేవాలి అని అడిగారు.

వంకాయలు అన్నాను. ఒక్కసారికే వినబడింది.